రాజుగారి కొలబద్ద

చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడికించిన బంకకు ఒక వాసన ఉంటుంది. కొంచెం మాడిన వగరు, కొంచెం పులుపు, అడుగున ఎక్కడో తడిసిన గోనెసంచి కంపు. ముప్పై ఏళ్ళుగా మరిచిపోయిన ఆ వాసన మొన్న మా మద్రాసులోని ఒక పెద్ద హోటల్లో, పాలరాతి నేలమీద నా చెప్పుల చప్పుడుకు నాకే బెరుకు పుట్టేంత నిశ్శబ్దంలో, గుప్పున ముక్కుకు తగిలింది. హాలు మూలలో తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర పట్టుజుబ్బా వేసుకున్న ఒకాయన స్టీలు గిన్నెలో బంక కలిపి చూపిస్తున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు ఫోన్లెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళ తలలమీదుగా పెద్ద బోర్డు: రాజాదరణలో మన హస్తకళలు.

నన్నక్కడికి పిలిచింది మా ఇంటి కొలబద్ద కోసం. ఆ ప్రదర్శన పెట్టేవాళ్ళు రెండు నెలల ముందు వాషర్‌మెన్‌పేటలోని మా ఇంటికి వచ్చి, తంజావూరు పటాలు గీసిన కుటుంబం మీదేనట గదా, పాత పనిముట్లేమైనా ఉన్నాయా అని అడిగితే, మా తాత వాడిన బద్ద ఒకటి అటకమీద నుంచి దించి ఇచ్చాను. దాన్ని ఇప్పుడు గాజుపెట్టెలో ఎర్ర మఖమల్‌మీద పడుకోబెట్టారు. దాని పక్కన గోడమీద, నేను ఊహించనే ఊహించని చోట, మా కనకత్త గీసిన కిష్టుడు వెన్నకుండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద ఇంగ్లీషులోనూ తమిళంలోనూ రాశారు: తంజావూరు ఆస్థాన కార్ఖానా, రెండు వందల ఏళ్ళ నాటిది, జమీందారు కుటుంబం సేకరణ నుంచి, చిత్రకారుడు తెలియదు.

చిత్రకారుడు తెలియదట. ఆ గీసిన మనిషి అదే సమయానికి మా ఇంట్లో టీవీ ముందు కాళ్ళు చాపుకుని పచ్చిబఠాణీలు ఒలుస్తోంది.

ఆ పటం ఎట్లా పుట్టిందో నాకు తెలుసు. నేను చూశాను.

అప్పుడు మేం చింతాద్రిపేటలో, కూవం ఏటి ఒడ్డుకు రెండు వీధుల అవతల, రైలుపెట్టెలాంటి సన్నని పొడుగాటి ఇంట్లో ఉండేవాళ్ళం. వీధిలోకి తెరుచుకునే ముందుగదిని అందరూ హాలు అంటే మా ఇంట్లో మాత్రం కార్ఖానా అనేవాళ్ళు. అక్కడ పనసచెక్క పలకలు గోడకు చేరేసి ఉండేవి. సుద్దపొడి గంపలు, ఉడుత వెంట్రుకల కుంచెలు గుచ్చిన కొబ్బరిచిప్పలు, జైపూరు నుంచి వచ్చిన ఎర్ర పచ్చ గాజురాళ్ళ పొట్లాలు, పుస్తకం పేజీల మధ్య దాచిన బంగారు రేకులు ఉండేవి. ఆ రేకు తీసేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, ఎవరూ గట్టిగా ఊపిరి విడవకూడదు, మా అమ్మ వంటింట్లో తుమ్మినా తాత ఇక్కణ్ణుంచి అరిచేవాడు. సాయంత్రం గాలి తిరిగితే కూవం కంపు ఒక పక్క, చేపల మార్కెట్ నీచు ఇంకో పక్క వచ్చేవి. వాటిని తోసుకుంటూ ఇంట్లోంచి చింతగింజల బంక వాసన వీధిలోకి పోయేది.

ఎండాకాలం మా ఇంటికి పండగ. కత్తిరి ఎండలు కాసే రోజుల్లో ఊరంతా నీళ్ళ లారీ కోసం బిందెలు పెట్టుకుని ఏడుస్తుంటే, తాత మాత్రం ఆకాశం చూసి మురిసిపోయేవాడు. పలకమీద గుడ్డ అంటించి సుద్ద పూసి ఆరబెట్టడానికి అంతకంటే మంచి రోజులు లేవు. మాకు మధ్యాహ్నాలంతా వామనగుంటలు. ఆటకు చింతగింజలు కార్ఖానా నుంచే ఎత్తుకొచ్చేవాళ్ళం, ఆట అయ్యాక గుంటల్లోంచి ఊడ్చి మళ్ళీ గంపలో పోసేవాళ్ళం. మేం ఓడిపోయిన గింజలే రేపు దేవుడి వెనక బంకగా మారతాయని తెలుసు. బడిలో నాకు లెక్కలు చెప్పిన పంతుళ్ళ ముఖాలు గుర్తులేవు గాని, ఏ గుంటలో నుంచి ఎత్తితే ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవడం ఆ గింజలే నేర్పాయి. పదో తరగతితో చదువు ఆగిపోయినా సౌకార్‌పేట గిన్నెల కొట్టులో ఈనాటికీ లెక్కలు చూస్తున్నానంటే ఆ పుణ్యం వాటిదే.

ఆదరణ అనే మాట మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించేవాళ్ళు. మా పూర్వీకుల్ని రాజుగారు తంజావూరు కోటలోపల ఇళ్ళిచ్చి పెట్టుకున్నారని, కోట గోడనానుకుని కార్ఖానా ఉండేదని, రాజుగారే స్వయంగా వచ్చి పటం ముందు నిలబడేవారని, ఒకసారి మెచ్చి మా తాతకు ముత్తాత వేలికి ఉంగరం తొడిగారని తాత చెప్పేవాడు. చెప్పేటప్పుడు వీపు నిటారుగా అయ్యేది. పక్క గదిలో మక్కు నూరుకుంటూ కనకత్త ఇటు వినబడేటట్టు గొణిగేది. మక్కంటే సుద్దా బంకా కలిపిన ముద్ద, పటంలో నగలు, స్తంభాలు ఉబ్బెత్తుగా రావడానికి పెట్టేది.

"ఆ ఉంగరం ఏడుండాదో అడగవే పాపా మీ తాతని. ఉంగరం తొడిగినోడు గేటుకు తాళం కూడా ఏసినాడంట, అది చెప్పడు. బిడ్డ పెండ్లికి పోవాలన్నా కోటలో అడిగి పోవాల్సిందేనంట."

అత్త చెప్పింది అబద్ధం కాదని పెద్దయ్యాక అర్థమైంది. మావాళ్ళ చేతులు ఇంకెవరికీ పని చేయకూడదు. బంగారు రేకు కోటలోంచి తూచి వచ్చేది, చివరి తునకదాకా తూచి వెనక్కి పోయేది. రాజ్యం పోయాక ఆదరణా పోయింది. తాళం మాత్రం మావాళ్ళు మెడకు కట్టుకుని మద్రాసుకు తెచ్చుకున్నారు. బయట అంగళ్ళవాళ్ళు వచ్చి, లక్ష్మీదేవి పటం ఒకటి వేసివ్వండి, గల్లాపెట్టె పైన పెట్టుకుంటాం అని బతిమాలితే, మేం ఆస్థానం వాళ్ళం, కొట్లో తగిలించేదానికి గీయం అని తాత పంపేసేవాడు. ఆ రోజు మా ఇంట్లో చారు ఇంకాస్త పలచబడేది. చారు పలచనైన రోజునే కోట కథ మళ్ళీ పొడుగ్గా చెప్పేవాడు.

ఆ కోట నుంచి నిజంగా మిగిలింది ఈ కొలబద్ద ఒక్కటే. నల్లచేవ కర్ర, ఒక పక్క చెరిగిపోయిన రాజముద్ర. పొడుగు ఇరవై వేళ్ళు, దానిమీద అయిదు పాళ్ళుగా గాట్లు. బాలకృష్ణుణ్ణి గీస్తే ముఖం ఒక పాలు, తల నుంచి కాలిదాకా మొత్తం అయిదు పాళ్ళు, అంటే బద్ద పొడుగంత. అది శాస్త్రం. ఏ పటం మొదలుపెట్టినా ముందు బద్దను కడిగి గంధం, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకోవాలి, దాని మొదటి కొన పెట్టి దేవుడి ముఖం కొలవాలి. అయితే తరతరాలుగా కడిగీ, తోమీ, నేలమీద తట్టీ ఆ మొదటి కొన అర వేలు మేర అరిగిపోయింది. మా తాత కూడా ఎవర్నైనా పిలవాలంటే నోరు విప్పడు, ఆ కొనతో నేలమీద టకటకా కొట్టేవాడు. నాలుగు వేళ్ళుండాల్సిన పాలులో అర వేలు పోతే ముఖానికి ఎనిమిదో వంతు పోయినట్టు. ఇరవై వేళ్ళ ఒంటికి అదే అర వేలు నలభయ్యో వంతు. ఒళ్ళు దాదాపు అలాగే ఉంటుంది, ముఖం మాత్రం కుదించుకుపోతుంది. ఆ లెక్క నేను తర్వాత వేసుకున్నాను. కనకత్త లెక్క వేయలేదు, చూసింది.

అత్త నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఈ పటం నాటికి ముప్పై దాటి ఉంటుంది. మా ఇంటి పద్ధతిలో ఆడవాళ్ళు బంక కాయొచ్చు, మక్కు పెట్టొచ్చు, రాళ్ళు పొదగొచ్చు, రేకు అంటించొచ్చు. గీత గీయడం, ముఖం వేయడం, ఆఖర్న కనుపాపలు దిద్ది కళ్ళు తెరవడం మగవాళ్ళ పని. పటంలో ముప్పాతిక వంతు అత్త చేతిదే అయినా చూసేవాళ్ళు చూసేది ముఖాన్నే కాబట్టి అది తాత పటం.

తమ్ముడు పుట్టిన ఏడు ఎండల్లో ఒక పాత జమీందారు మనవడు, మేం చిన్నదొర అనేవాళ్ళం, గోకులాష్టమికి తమ పూజగదిలో పెట్టుకోవడానికి వెన్నకృష్ణుడు కావాలని కబురు పంపాడు. జమీలు పోయి ఎన్నాళ్ళో అయింది. అయినా దొర అనే మాట చెవిన పడగానే తాతకు పాతికేళ్ళ వయసు తగ్గిపోయింది. బద్దకు దణ్ణం పెట్టి, సుద్ద పూసిన పలకమీద గీత మొత్తం మూడు రోజుల్లో గీసేశాడు. మక్కు పెట్టడానికి పలకను ఒళ్ళోకి తీసుకున్న అత్త చాలాసేపు చూసి, తల ఎత్తింది.

"నాయినా, వీడు వెన్న తినే పిల్లోడు మాదిరి లేడే. మన వీధి చివర చిట్టీల నాయుడు కుండ ఎత్తుకపోతాన్నట్టు ఉండాడు."

నేను పకపకా నవ్వాను. తాత నవ్వలేదు.

"బద్ద రాజుగారిచ్చింది. దాని లెక్క తప్పదు."

"రాజుగారిచ్చినప్పుడు తప్పలా నాయినా. అప్పుటికి కొన అరగలా గదా."

"నోరు మూసుకోని మక్కు నూరు పో."

తమిళుల ఆడిమాసంలో, మనకు ఆషాఢం దాటుతుండగా, కాంచీపురంలో తాత పినతండ్రి కొడుకు పోయాడు. తాత, నాన్న కర్మలయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. వాళ్ళు బయల్దేరిన రోజు మధ్యాహ్నం అమ్మ భోంచేసి కునుకు తీస్తోంది. ఆరు నెలల మా తమ్ముడు దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. అత్త వాణ్ణి మెల్లగా తీసి చాపమీద పడుకోబెట్టి, కొంగులోంచి ఒక నూలుదారం తీసింది.

"పాపా, మడమ కాడ గట్టిగా పట్టుకో. వీడు లేస్తే మీ అమ్మ నన్ను తంతాది."

నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా దారం ఆనించి ముడి వేసింది. నడినెత్తి నుంచి మడమ దాకా లాగి ఇంకో ముడి వేసింది. పెద్ద పొడుగును చిన్న పొడుగుతో మడిచింది. అయిదు మడతలు వచ్చాయి. చివర మిగిలింది గోరంత.

"చూసినావా? శాస్త్రం కరెక్టుగానే ఉండాది. బద్దదే తప్పు."

అని, తాత గీసిన కిష్టుడి ఒంటి పొడవుకు ఇంకో దారం తెంపి, దాన్ని అయిదుగా మడిచి, తడిగుడ్డతో పాత ముఖం తుడిచేసి, ఆ మడత కొలతకు కొత్త ముఖం గీసింది. బుగ్గలు నిండాయి, గడ్డం కిందికి దిగింది, కిరీటం కాస్త పైకి జరిగింది. ఏమీ కాలేదన్నట్టు వెంటనే మక్కు కలుపుకుని కిరీటానికి పెట్టడం మొదలెట్టింది. తాత వచ్చేసరికి అది ఎండి రాయైపోయింది. గీకితే గుడ్డ చిరిగిపోతుంది, పలక పాడైపోతుంది. ఆ సంగతి తెలిసే చేసిందని ఇప్పుడు అనుకుంటాను.

తాత గుమ్మంలో సంచి పట్టుకునే నిలబడిపోయాడు.

"ఎవురు జెరిపింది?"

"నేనే."

"బద్ద ఎత్తినావా?"

"ఎత్తలా. దారం."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. సంచి దించి, "నేను ఆ మొగం ముట్టను. కండ్లు తెరవను. ఏం జేసుకుంటావో జేసుకో" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పండగ దగ్గర పడింది. వంటింట్లో అమ్మ బియ్యప్పిండి వేయించి, సీడెలకు ఉండలు చుట్టి వేయిస్తూ ఉంటే ఒక్కోటి నూనెలో టప్పున పేలి గోడకు తగిలేది. చెక్కల్లాంటి తట్టలు, మురుకులు, బెల్లం అటుకులు డబ్బాల్లోకి చేరుతున్నాయి. నాన్న పక్కవీధి నుంచి నెయ్యి తెచ్చాడు. ఆ సందడంతటి మధ్య తాత అరుగుమీద వీధివైపు తిరిగి కూర్చునేవాడు, లోపల అత్త రంగులు నూరుకుని ఆ ముఖం వేసేది. కళ్ళు తెరిచే రోజున తలంటుకుని, ఉపవాసముండి, కుంచెలో ఒక్క వెంట్రుక ఉంచి మిగతావి కత్తిరించింది. "ఊపిరి పట్టుకో" అంది నాతో. పట్టుకున్నాను. రెండో కన్ను అయ్యేసరికి నాకు కళ్ళు తిరిగాయి.

చిన్నదొర వచ్చిన అష్టమినాటి పొద్దున, అమ్మ తమ్ముడి పాదాలు బియ్యప్పిండి నీళ్ళలో ముంచి వాకిలి నుంచి పూజగదిదాకా అడుగులు వేయించింది. దొర ఆ అడుగులు తొక్కకుండా పక్కనుంచి వచ్చి, పటం ముందు చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"మేస్త్రీగారూ, ఎంత పని చేశారండీ. పలకరిస్తే పలికేటట్టున్నాడు. మీ ఇంటి పటాలు మా దగ్గర ఇంకా ఉన్నాయి గాని, ఈ మొహం వేరు."

అంటూ జరీ శాలువా తీసి తాత భుజాలమీద కప్పాడు. వంటింటి తలుపు వెనక అత్త నిలబడి ఉంది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. తాత ఇటు చూశాడు. ఒక్క మాట, నా బిడ్డ వేసిందండీ అనే మూడు ముక్కలు, చెప్తాడని ఎదురు చూశాను. ఆయన తల వంచి, శాలువా సర్దుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తతో అన్నది ఇంతే: "ఇంక మక్కు దప్ప దేన్నీ ముట్టబాకు."

అత్త ముట్టలేదు. బతికినన్నాళ్ళూ తాత ఆ శాలువా కప్పుకునే పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు. ఉతికేది అత్త. మళ్ళీ అరిగిన బద్దే, మళ్ళీ కుదించుకుపోయిన ముఖాలే. రాజు ఇచ్చింది కాబట్టి తప్పు కూడా పవిత్రమే. తాత పోయాక కార్ఖానా మూతపడింది. అంగళ్ళవాళ్ళను ఎప్పుడో తరిమేశాం గనక అడిగేవాళ్ళు లేరు. బంక కలపడం బాగా తెలిసిన మనిషి గనక కనకత్తకు వాషర్‌మెన్‌పేటలో అట్టపెట్టెల షెడ్డులో పని దొరికింది. ఇరవై ఏళ్ళకు పైగా స్వీటు డబ్బాలకు, చెప్పుల పెట్టెలకు కాగితం అంటించింది. దేవుడి కళ్ళు తెరిచిన చేత్తో.

ఆ రోజు హోటల్లో ప్రదర్శన చూసుకునే అమ్మాయిని పట్టుకున్నాను. హైదరాబాదు పిల్ల, మర్యాదస్తురాలు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మా ఇంటివే ఇంకో రెండు పటాలు అదే గోడమీద ఉన్నాయి. మూడింటికీ ఫోన్లో ఫోటో తీసి ముఖమెంత, ఒళ్ళెంత లెక్క వేసి చూపించాను. ఆ రెండింటిలో ముఖం కుదించుకుపోయింది, ఈ ఒక్కదాంట్లో సరిగ్గా అయిదింట ఒకటి. బద్ద కొన అరిగింది చూడమన్నాను. అత్త పేరు చెప్పాను.

"చాలా ఇంపార్టెంట్ పాయింట్ చెప్పారు ఆంటీ, ఇది మాకెవరూ చెప్పలేదు" అని అంతా రాసుకుంది. లేబుల్ మారుస్తామంది. ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. అత్త ఆ సాయంత్రమే పెట్టెలోంచి ఆకుపచ్చ నేతచీర తీసి మడతలు దులిపి ఆరేసింది.

మూడో నాడు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని ఆటోలో వెళ్ళాం. తమ్ముడికిప్పుడు బట్టతల, చిన్న బొజ్జ. పటం ముందు అత్త వాడి గడ్డం పట్టుకుని గార్డు వైపు తిప్పింది.

"వీడేనయ్యా అది. అప్పుడు వెంట్రుకలుండె."

గార్డు తమిళుడు, అర్థమైనంతలో నవ్వాడు. నిజంగానే లేబుల్ మార్చారు. కొత్త అట్ట, కొత్త అక్షరాలు. అత్త కోసం తెలుగులో చెప్తూ చదివాను: ముఖానికీ దేహానికీ మధ్య నిర్దుష్టమైన అయిదింట ఒకటి నిష్పత్తిని బట్టి, ఈ చిత్రం ఆస్థాన కొలబద్ద ఇంకా అరగని కాలంలో, రాజాదరణ ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు గీసినదని భావించవచ్చు. చిత్రకారుడు తెలియదు.

అత్త ఇంకోసారి చదవమంది. చదివాను.

"అంటే, బాగుండాది కాబట్టి నాది కాదంటారా?"

ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. పటం ఇచ్చినవాళ్ళు చిన్నదొర కొడుకులట, తమ ముత్తాతల నాటిదని రాసిచ్చారట. అత్తగారి చేతిదని డాక్యుమెంట్ ఏదైనా ఉంటే తప్పకుండా పరిశీలిస్తాం ఆంటీ, అంది. గీసే హక్కే లేని మనిషికి గీసినట్టు రసీదు ఎవరిస్తారమ్మా అని అరిచాను. హాలంతా తిరిగి చూసింది. చూడనీ. రాజులు మా చేతుల్ని కోటలో పెట్టి తాళమేశారు. మా తాత ఆ తాళాన్ని నగ అనుకున్నాడు. ఇప్పుడు వీళ్ళు ఏసీ గదిలో దాన్నే మఖమల్‌మీద పెట్టి ఆదరణ అని పేరు రాస్తున్నారు. మూడు తరాలవాళ్ళూ కలిసి ఒక ఆడమనిషి చేసిన ఒకే ఒక్క ముఖాన్ని రాజుకు దానమిచ్చారు.

"అయితే నా బద్ద నాకిచ్చెయ్యండి" అన్నాను. ప్రదర్శన ముగిసేదాకా కుదరదన్నారు. గాజుపెట్టె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తమ్ముడు టీ తెచ్చిచ్చాడు. ప్రదర్శనవాళ్ళు ఎవరెవరికో ఫోన్లు చేసి, చివరికి తాళం తీసి, సంతకం పెట్టించుకుని ఇచ్చారు. ఖాళీ మఖమల్‌మీద లేబుల్ మాత్రం మిగిలింది.

చింతాద్రిపేటలో మా ఇల్లు లేదు. ఆ చోట మోటారు విడిభాగాల గోదాము ఉంది, సాయంత్రాలు గ్రీజు వాసన. చింతగింజలు దాచుకునే ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు, పులుసుకు అందరం డబ్బా గుజ్జే కొంటాం. పిల్లల్లో వామనగుంటల పేరు విన్నవాళ్ళు లేరు. తమ్ముడి కూతురు అత్తతో తమిళంలోనే మాట్లాడుతుంది. తాత శాలువాను చిమ్మెటలు తినేశాయి. అత్త వేసిన ముఖం ఈ భూమిమీద ఒక్కటే ఉంది, అది చిన్నదొర కొడుకుల గోడకు తిరిగి వెళ్ళిపోయింది. రెండో ముఖం వేయనివ్వలేదు, ఇప్పుడు అత్త కళ్ళకు శుక్లాలు.

ఆ రోజు ఆటో దిగి ఇంట్లోకి రాగానే అత్త చీరైనా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళింది. మా వంటింటి కిటికీకి ఒక రెక్క వదులు. సముద్రం గాలి లేస్తే ఠపాఠపా కొట్టుకుంటుంది, ఏళ్ళ తరబడి న్యూస్‌పేపర్ మడిచి దోపుతున్నాం. అత్త ఆ కాగితం పీకి పారేసి, రాజుగారి బద్దను అరిగిన కొన కింది చట్రంలో, రెండో కొన రెక్కకు వచ్చేటట్టు అడ్డం పెట్టి అరచేత్తో ఒక దెబ్బ వేసింది. రెక్క కదలకుండా నిలబడింది.

"చూడవే పాపా" అంది చేతులు దులుపుకుంటూ, "ఇన్నాళ్ళకి ఒక్క చోట సరిగ్గా సరిపోయింది."